ధోండో కేశవ కర్వే: రెండు కుటుంబాల పెద్ద

మన చుట్టూ ఉన్న మంచి గృహస్థులను గమనించండి. సంపాదించింది ఇంటికి తెస్తారు. పిల్లలను చదివిస్తారు. భార్యాబిడ్డల కోసం నాలుగు రూపాయలు వెనకేస్తారు. ఇంతవరకు చేసినవారిని మనం బాధ్యత తెలిసిన మనిషి అంటాము. అయితే ఒక మనిషికి తన ఇంటి మీద ఎంత ప్రేమ ఉందో, దిక్కులేని పరాయి ఆడపిల్లల మీద కూడా అంతే ప్రేమ ఉంటే ఏమవుతుంది? జేబులోని రూపాయి ఎవరికి ఇవ్వాలి? సాయంత్రం పూట ఎవరి దగ్గర గడపాలి? ఈ ప్రశ్నలతోనే డెబ్బై ఏళ్లకు పైగా కాలం గడిపిన ఒక పెద్దమనిషి కథ ఈ పాఠం. ఆయన నూటనాలుగేళ్లు జీవించారు. ఇంటివారికి ఆయన 'అన్నా'. దేశానికి మహర్షి కర్వే.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కర్వే జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
• ఆ కాలపు వితంతువుల స్థితిని వివరించగలుగుతారు.
• సంఘసేవకు, కుటుంబ బాధ్యతకు మధ్య వచ్చే ఘర్షణను గురించి మీ అభిప్రాయం రాయగలుగుతారు.

1. మురుద్ గ్రామం

మహారాష్ట్రలో సముద్రానికి, సహ్యాద్రి కొండలకు మధ్య ఉన్న సన్నని ప్రాంతం కొంకణం. అక్కడి రత్నగిరి జిల్లాలో మురుద్ అనే ఊరు ఉంది. కర్వే వంశీయులది ఆ ఊరే. ధోండో కేశవ కర్వే 1858 ఏప్రిల్ 18న తన తల్లి పుట్టినిల్లయిన శేరవలి గ్రామంలో పుట్టారు. తండ్రి కేశవపంత్, తల్లి లక్ష్మీబాయి. ఒకప్పుడు బాగా బతికిన కుటుంబమే గాని ఆయన పుట్టేనాటికి పేదరికం వచ్చింది. ఇంట్లో డబ్బు లేకపోయినా పట్టుదలకు లోటు లేదు.

ఆ పట్టుదల ఎటువంటిదో ఒక సంఘటన చెబుతుంది. 1875లో ఆయన ప్రభుత్వ పరీక్ష రాయవలసి వచ్చింది. పరీక్ష జరిగేది సతారాలో. మురుద్ నుంచి అది నూరు మైళ్లకు పైగా దూరం. వానాకాలం. దారిలో కొండలు, అడవులు. మిత్రులతో కలిసి కాలినడకన బయలుదేరి సతారా చేరారు. తీరా వెళ్లాక అక్కడి అధికారి ఆ బక్కపలచని కుర్రవాణ్ణి చూసి, పరీక్షకు కావలసిన వయసు ఇతనికి ఉండదని పంపివేశాడు. అంత దూరం నడిచిన పిల్లవాడు వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. కాని ప్రయత్నం మానలేదు. మరుసటి సంవత్సరం కొల్హాపూర్ వెళ్లి ఆ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు.

ఈ నడక ఆయనకు జీవితాంతం అలవాటయింది. దీన్ని గుర్తుంచుకోండి. ముందు ముందు మళ్లీ వస్తుంది.

2. బొంబాయిలో చదువు, మొదటి సంసారం

ఆ రోజుల ఆచారం ప్రకారం కర్వేకు పదిహేనేళ్లు నిండకముందే పెళ్లి అయింది. వధువు రాధాబాయి ఇంకా చిన్నపిల్ల. పెళ్లయ్యాక కూడా ఆయన చదువు ఆపలేదు. బొంబాయి వెళ్లి పిల్లలకు ప్రైవేటు పాఠాలు చెప్పుకుంటూ 1881లో మెట్రిక్యులేషను, 1884లో ఎల్ఫిన్‌స్టన్ కళాశాల నుంచి గణితంలో బి.ఏ. పూర్తి చేశారు. 1882లో వారికి కొడుకు పుట్టాడు. పేరు రఘునాథ్.

తరువాత రాధాబాయి బొంబాయి వచ్చి కాపురం పెట్టింది. కర్వే ఉదయం నుంచి రాత్రివరకు రెండు మూడు పాఠశాలల్లో గణితం చెప్పేవారు. అంత పనిలోనూ భార్యకు చదవడం, రాయడం తానే నేర్పారు. భార్యకు చదువెందుకని అడిగే కాలం అది. స్త్రీవిద్య అనే మాట ఆయన సభల్లో పలకకముందే ఇంట్లో ఆచరించారు.

ఈ సంసారం ఎక్కువ కాలం సాగలేదు. 1891లో రాధాబాయి మరణించింది. అప్పటికి కర్వేకు ముప్ఫైమూడేళ్లు. రఘునాథ్‌కు తొమ్మిదేళ్లు. అదే సంవత్సరం గోపాలకృష్ణ గోఖలే నుంచి పిలుపు వచ్చింది. పుణెలోని ఫెర్గూసన్ కళాశాలలో గణితం చెప్పడానికి రమ్మని. తల్లిలేని కొడుకును వెంటబెట్టుకొని కర్వే పుణె చేరారు. 1914 వరకు ఆ కళాశాలలోనే పనిచేశారు.

3. పెళ్లి, వెలి

ఆ కాలంలో భార్య పోయిన మగవాడు మళ్లీ పెళ్లి చేసుకోవడం సర్వసాధారణం. ముప్ఫైయైదేళ్లవాడికి పదేళ్ల పిల్లను ఇచ్చేవారు. భర్త పోయిన ఆడపిల్లకు మాత్రం, ఆమె పసిపిల్ల అయినా సరే, మళ్లీ పెళ్లి లేదు. తల గొరిగించేవారు. మంచి బట్ట, పూట పూటా భోజనం ఉండేవి కావు. శుభకార్యాలకు ఆమె ఎదురు రాకూడదు. ఇంటెడు చాకిరీ మాత్రం ఆమెదే. 1856లోనే వితంతు వివాహాన్ని అంగీకరిస్తూ చట్టం వచ్చింది. కాని చట్టం కాగితం మీద ఉంది, ఆచారం ఇంట్లో ఉంది.

మన తెలుగునాట కందుకూరి వీరేశలింగం పంతులు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించిన సంగతి మీకు తెలుసు. ఆయనకు ఎదురైన కష్టాలే పన్నెండేళ్ల తరువాత కర్వేకూ ఎదురయ్యాయి. ఒక తేడా ఉంది. ఇక్కడ వరుడు కర్వేనే.

మళ్లీ పెళ్లి చేసుకోమని బంధువులు చెప్పినప్పుడు, చేసుకుంటే వితంతువునే చేసుకుంటానని ఆయన నిశ్చయించుకున్నారు. బొంబాయిలో ఆయనతోపాటు ఒకే చోట ఉన్న మిత్రుడు నరహర పంత్ జోషి. అతని చెల్లెలు గోదూబాయి. ఎనిమిదేళ్లకే పెళ్లయి, పెళ్లయిన కొద్ది నెలలకే ఆ పిల్ల భర్తను పోగొట్టుకుంది. ఇరవై ఏళ్లు దాటాక పండిత రమాబాయి 1889లో స్థాపించిన శారదాసదనంలో చేరింది. ఆ సంస్థకు మొదటి విద్యార్థిని ఆమే.

1893 మార్చి 11న పుణెలో కర్వేకు, గోదూబాయికి వివాహం జరిగింది. పెళ్లినాడు ఆమెకు ఆనందీబాయి అని పేరు పెట్టారు. తరువాతి కాలంలో అందరూ ఆమెను 'బాయా' అని పిలిచేవారు.

ఈ వార్త మురుద్ చేరింది. ఊరి పెద్దలు సభ చేసి కర్వేను వెలివేశారు. ఆయనను ఇంట్లోకి రానిస్తే ఆయన తల్లికి, అన్నకు కూడా అదే గతి పడుతుందని హెచ్చరించారు. ఆలోచించండి. కొడుకు తల్లిని చూడాలంటే ఊరంతా అడ్డు నిలిచింది. తల్లి మీద ప్రేమ లేని మనిషికి ఈ శిక్ష తేలిక. కర్వేకు తేలిక కాదు. అయినా ఆయన ఎవరినీ నిందించలేదు, చేసిన పనికి పశ్చాత్తాపపడలేదు. అదే సంవత్సరం వితంతు వివాహాలను ప్రోత్సహించడానికి ఒక సంఘం స్థాపించారు.

పాఠగత ప్రశ్నలు – 1
1. కర్వే సతారా నుంచి వట్టి చేతులతో ఎందుకు తిరిగి వచ్చారు?
2. గోదూబాయి ఏ సంస్థలో చదువుకుంది?
3. మురుద్ గ్రామస్థులు కర్వే కుటుంబాన్ని ఏమని హెచ్చరించారు?

4. హింగణేలో గుడిసె

కొన్ని పెళ్లిళ్లు జరిపించిన తరువాత కర్వేకు ఒక విషయం అర్థమయింది. పెళ్లికి సిద్ధపడే వితంతువులు ఏ కొద్దిమందో. మిగిలినవారి మాటేమిటి? వారికి కావలసింది తమ కాళ్ల మీద తాము నిలబడే శక్తి. అది చదువు వల్లనే వస్తుంది. ఈ ఆలోచనతో 1896లో ఒక సంఘాన్ని ఏర్పాటు చేసి, 1899లో పుణెలో వితంతువులకు ఆశ్రమం ప్రారంభించారు.

1900లో ఆశ్రమాన్ని ఊరికి నాలుగు మైళ్ల దూరంలోని హింగణే గ్రామానికి మార్చారు. గణేశ్ గోవింద గోఖలే అనే దాత అక్కడ ఆరు ఎకరాల స్థలం ఇచ్చారు. మొదట వేసింది ఒక్క గుడిసె. అక్కడికి సరైన దారి కూడా లేదు. కర్వే పగలంతా కళాశాలలో పాఠాలు చెప్పి, సాయంకాలం హింగణేకు నడిచి వెళ్లేవారు. అక్కడి స్త్రీలకు పాఠాలు చెప్పి, మంచిచెడ్డలు చూసి మళ్లీ ఊరికి నడిచి వచ్చేవారు. సతారా దాకా నడిచిన కాళ్లు ఇప్పుడు ఇలా ఉపయోగపడ్డాయి. సెలవులు వస్తే చందాల కోసం ఊళ్లు తిరిగేవారు. ఎవరైనా కోపంగా మాట్లాడితే విని ఊరుకొనేవారు. ఒక్క అణా ఇచ్చినా లెక్కలో రాసేవారు.

ఆశ్రమానికి తమ బిడ్డలను పంపాలంటే తల్లిదండ్రులకు భయం. అక్కడ చేరితే పెళ్లి చేసేస్తారేమోనని. వారి నమ్మకం పొందడానికి కర్వే ఆశ్రమాన్ని వితంతు వివాహ ఉద్యమం నుంచి పూర్తిగా వేరుచేశారు. ఇక్కడ చదువు మాత్రమే ఉంటుందని స్పష్టం చేశారు. ఇందువల్ల ఆశ్రమం నిలబడింది. కాని దీని బరువు ఎవరి మీద పడిందో చూడండి.

5. ఇంట్లో ఉన్న మనిషి

ఆనందీబాయి పునర్వివాహం చేసుకున్న స్త్రీ. ఆశ్రమంలో ఆమె మెలగితే బయటివారికి అనుమానం కలుగుతుంది. అందుచేత తొలి సంవత్సరాలలో భర్త స్థాపించిన ఆశ్రమానికే ఆమె దూరంగా ఉండవలసి వచ్చింది. ఏ కష్టం తీర్చడానికి ఆ ఆశ్రమం పుట్టిందో ఆ కష్టాన్ని చిన్నతనం నుంచి అనుభవించిన మనిషి ఆమె. తలుపు మాత్రం ఆమెకు మూసి ఉంది.

ఇంకొక కష్టం కూడా ఉంది. భర్త జీతంలో అధికభాగం సంస్థలకు పోయేది. ఆశ్రమానికి తొలి పెట్టుబడి కూడా ఆయన దాచుకున్న డబ్బే. చివరికి తన జీవిత బీమా పాలసీని కూడా ఆయన ఆశ్రమం పేర రాసి ఇచ్చారు. ఇంట్లో రఘునాథ్ కాక, ఆనందీబాయికి పుట్టిన శంకర్, దినకర్, భాస్కర్ అనే ముగ్గురు కొడుకులు ఉన్నారు. రేపు ఆయనకు ఏమైనా అయితే ఈ పిల్లల గతి ఏమిటని ఆ తల్లి బాధపడింది. ఆమె అడిగిన ప్రశ్న న్యాయమైనది. ఒకసారి వైధవ్యం ఎలా ఉంటుందో చూసిన స్త్రీ అడిగిన ప్రశ్న అది.

కర్వే దగ్గర దీనికి తేలికైన జవాబు లేదు. తన పిల్లలకు తండ్రి ఉన్నాడు, తల్లి ఉంది, చదువు ఉంది. ఆ ఆడపిల్లలకు ఏమీ లేదు. ఇదే ఆయన లెక్క. ఆనందీబాయి ఏడ్చి ఊరుకొనే మనిషి కాదు. తనకూ ఒక సంపాదన ఉండాలని నాగపూర్ వెళ్లి ప్రసూతి శుశ్రూష నేర్చుకుంది. ఇల్లు నడపడంలో భర్తకు మించిన ధైర్యం చూపింది. తరువాత తరువాత ఆశ్రమం కోసం తానూ చందాలు సేకరించింది. తన కథను మరాఠీలో తానే రాసుకుంది. ఆ పుస్తకం 1944లో వెలువడింది. అందులో ఆమె భర్త గొప్పతనాన్నీ చెప్పింది, ఆయన వల్ల పడిన ఇబ్బందులనూ దాచలేదు.

ఆమె చెల్లెలు పార్వతీబాయి ఆఠవలే కూడా వితంతువే. ఆమె ఆశ్రమంలో చదువుకొని, అక్కడే పనిచేసి, నిధుల కోసం 1918లో అమెరికా దాకా వెళ్లింది. ఇలా కర్వే ఇంటికి, ఆశ్రమానికి మధ్య గోడ క్రమంగా కరిగిపోయింది.

6. మహిళా విశ్వవిద్యాలయం

వితంతువులకే కాక ఆడపిల్లలందరికీ చదువు కావాలని 1907లో కర్వే మహిళా విద్యాలయం ప్రారంభించారు. ఆ తరువాత జపానులోని మహిళా విశ్వవిద్యాలయం గురించి ఒక చిన్న పుస్తకం ఆయన చేతికి వచ్చింది. మన దేశంలో అటువంటిది ఎందుకు ఉండకూడదని ఆలోచించారు. 1915లో బొంబాయిలో జరిగిన జాతీయ సాంఘిక మహాసభకు అధ్యక్షులుగా ఈ ఆలోచనను ప్రజల ముందు పెట్టారు. 1916లో పుణెలో మహిళా విశ్వవిద్యాలయం వెలిసింది. మొదటి కళాశాలలో చేరినవారు ఐదుగురు విద్యార్థినులు. అప్పటికి ఆయన వయసు యాభైఎనిమిది. చాలామంది విశ్రాంతి గురించి ఆలోచించే వయసు.

ఈ విశ్వవిద్యాలయంలో మాతృభాషలోనే బోధన జరిగేది. ఇంగ్లీషు ఒక పాఠ్యాంశంగా ఉండేది. 1920లో సర్ విఠల్‌దాస్ థాకర్సీ తన తల్లి పేర పదిహేను లక్షల రూపాయలు విరాళం ప్రకటించారు. అప్పటినుంచి దానికి శ్రీమతి నాథీబాయి దామోదర్ థాకర్సీ విశ్వవిద్యాలయమని పేరు. దీన్నే క్లుప్తంగా ఎస్.ఎన్.డి.టి. అంటారు. 1951లో దీనికి చట్టబద్ధమైన గుర్తింపు లభించింది.

డెబ్బైఒకటవ ఏట, 1929లో, కర్వే ప్రపంచ యాత్రకు బయలుదేరారు. ఇంగ్లండు, జర్మనీ, అమెరికా, జపాను చూశారు. స్త్రీవిద్య గురించి ఉపన్యసించి చందాలు సేకరించారు. బెర్లిన్‌లో శాస్త్రవేత్త ఐన్‌స్టీన్‌ను కలుసుకున్నారు. ఆ వెంటనే ఆఫ్రికా వెళ్లారు. 1936లో, డెబ్బైఎనిమిదో ఏట, బడిలేని పల్లెల్లో ప్రాథమిక పాఠశాలలు పెట్టడానికి ఒక సంఘం స్థాపించారు. 1944లో మానవులంతా సమానులనే భావాన్ని వ్యాప్తి చేయడానికి సమతా సంఘం ప్రారంభించారు.

7. కొడుకులు, కోడళ్లు, చివరి రోజులు

పరాయి పిల్లల కోసం తిరిగిన తండ్రికి సొంత బిడ్డలు ఎలా తయారయ్యారని మీకు సందేహం రావచ్చు. నలుగురూ పనికివచ్చే పనే చేశారు.

పెద్దకొడుకు రఘునాథ్ గణిత అధ్యాపకుడయ్యాడు. 1921లోనే బొంబాయిలో కుటుంబ నియంత్రణ కేంద్రం తెరిచాడు. ఈ పని వల్ల ఉద్యోగం పోయింది, కోర్టు కేసులు వచ్చాయి. అయినా 1927 నుంచి చనిపోయేదాకా ఆ విషయాల మీద మరాఠీ పత్రిక నడిపాడు. తండ్రి ఊరి వెలి భరించినట్లే, కొడుకు నగరపు వెలి భరించాడు. శంకర్ వైద్యుడై తూర్పు ఆఫ్రికాలో స్థిరపడ్డాడు. దినకర్ రసాయనశాస్త్రం చదివి, తండ్రి పాఠాలు చెప్పిన ఫెర్గూసన్ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యాడు. అతని భార్య ఇరావతీ కర్వే పేరుపొందిన మానవశాస్త్రవేత్త, రచయిత్రి. భాస్కర్, ఆయన భార్య కావేరి హింగణే సంస్థలోనే పనిచేశారు.

దీర్ఘాయువు గొప్ప వరమంటారు. కాని చాలాకాలం బతికినవారు తమవారి మరణాలు కూడా చూడవలసి వస్తుంది. 1950 నవంబరులో ఆనందీబాయి కన్నుమూసింది. వారి దాంపత్యం యాభైఏడేళ్లు సాగింది. 1953లో రఘునాథ్ మరణించాడు. పుణెకు చేయిపట్టుకొని తీసుకువచ్చిన ఆ తల్లిలేని పిల్లవాడు డెబ్బైఒకటవ ఏట తండ్రి కళ్ల ముందే వెళ్లిపోయాడు.

దేశం ఆయనను గౌరవించింది. నాలుగు విశ్వవిద్యాలయాలు డాక్టరేట్లు ఇచ్చాయి. 1955లో పద్మవిభూషణ్, 1958లో భారతరత్న లభించాయి. నూరేళ్లు నిండిన రోజున, 1958 ఏప్రిల్ 18న, తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. బొంబాయిలో జరిగిన శతజయంతి సభకు ప్రధాని నెహ్రూ వచ్చారు. 1962 నవంబరు 9న, నూటనాలుగేళ్ల వయసులో, పుణెలో కర్వే తుదిశ్వాస విడిచారు.

ఆనాటి హింగణే నేడు పుణె నగరంలో కలిసిపోయింది. ఆ పేట పేరు కర్వేనగర్. ఆయన కాలినడకన వెళ్లిన వైపుగా సాగే పెద్ద రోడ్డు పేరు కర్వే రోడ్డు. నాటి గుడిసెను అక్కడ ఇప్పటికీ భద్రంగా ఉంచారు.

గుర్తుంచుకోండి

• కర్వే తాను చెప్పినదాన్ని ముందు తన ఇంట్లో ఆచరించారు. భార్యకు చదువు నేర్పారు. వితంతువును వివాహమాడారు.
• పెళ్లి కొందరికే పరిష్కారమని, చదువు అందరికీ పరిష్కారమని అనుభవం ద్వారా గ్రహించారు.
• ఆయన త్యాగంలో సగం ఆనందీబాయిది. ఆమె అడిగిన ప్రశ్నను పక్కన పెట్టి కర్వే జీవితాన్ని అర్థం చేసుకోలేము.

పదాలు – అర్థాలు

గృహస్థుడు: సంసారం కలవాడు
వెలి: సంఘం నుంచి బహిష్కారం
వైధవ్యం: భర్త లేని స్థితి
పునర్వివాహం: మళ్లీ చేసుకొన్న పెళ్లి
ప్రసూతి శుశ్రూష: కాన్పు సమయంలో చేసే సేవ

పాఠాంత ప్రశ్నలు

1. కర్వే ఆశ్రమాన్ని వితంతు వివాహ ఉద్యమం నుంచి ఎందుకు వేరుచేశారు? దాని ఫలితాలేమిటి?
2. రఘునాథ్ జీవితంలో తండ్రి పోలికలు ఏవి కనిపిస్తాయి?
3. వీరేశలింగం పంతులు, కర్వే చేసిన కృషిలోని పోలికలు, భేదాలు రాయండి.
4. బీమా పాలసీ విషయంలో కర్వే చేసింది సరి అని మీరు భావిస్తారా? ఆనందీబాయి స్థానంలో మీరుంటే ఏమి చేసేవారు? మీ ఇంట్లోని పెద్దవారితో చర్చించి పది వాక్యాలలో రాయండి.